కత్తి ఎత్తిన గడి

సాంబమూర్తి మెడ మీద ఎర్రటి గీత ఒకటి తేలింది. చూస్తుండగానే అది ఉబ్బి, చిట్లి, రక్తం కారింది. గదిలో కత్తి కాదు కదా, కూరలు తరిగే చాకు కూడా లేదు. కానూరులోని ఆ ప్రయోగశాలలో ఉన్నవల్లా ఒక మంచం, ఒక బల్ల, ఒక స్కానరు, ఒక కంప్యూటరు, మనిషి కణతలకు చుట్టే రబ్బరు పట్టీ. ఆ పట్టీని కూడా తీసేసి చాలాసేపైంది. అయినా ఆయన ఒళ్ళు మంచం మీంచి జానెడు ఎత్తు ఎగిరి దబ్బున పడింది. మొదటి గీత పక్కనే రెండో గీత తేలింది.

"ఆపండి! ఆయన్నెవరో కొడుతున్నారు, ఆపండి డాక్టరుగారూ!" అని అరిచింది ఆయన భార్య హైమవతి.

"ఎవరూ కొట్టట్లేదు మేడమ్. ఆయన మెదడే కొడుతోంది," అంది డాక్టర్ షహనాజ్. ఆమె మెడ మీది రక్తం తుడుస్తూనే ఉంది. ఆ పట్టీని కనిపెట్టింది ఆమే.

"మత్తుమందేదైనా ఇవ్వండి."

"ఇచ్చాను. నిద్రలో కలలు ఆగవు కదా, ఇంకా జోరందుకుంది. గుండె ఇలా ఎంతోసేపు తట్టుకోదు." ఆమె గిర్రున తిరిగి, గోడవారగా నిలబడ్డ పెద్దమనిషిని నిలదీసింది. "పురుషోత్తంగారూ, నేను మిమ్మల్ని అడిగింది పూర్తి కథ. మీరు నాకిచ్చిందేంటి?"

పురుషోత్తం ఇచ్చింది తన జన్మలో ఇవ్వడం తెలిసిన ఒకే ఒక్క వస్తువు. ఆయన 'మెరుపుదాడి' బొమ్మల వారపత్రిక యజమాని. విజయవాడ గాంధీనగర్‌లో ఒక మేడ మీద ఆఫీసు. కథకి ఎంత పొడవుండాలో అక్కడ కథని అడిగిన పాపాన పోయినవాళ్ళు లేరు. కాగితం దొరికితే పొడుగు, దొరక్కపోతే పొట్టి. పాఠకులు గోల చేస్తే చచ్చిన రాజు కూడా లేచి కూర్చుని మరో ఏడాది కత్తి తిప్పేవాడు. వాళ్ళ గోల వినబడకపోతే వాడు ఎడారిలో నీళ్ళు లేక ఒక్క పేజీలో చచ్చేవాడు. మారనిది మాత్రం ఒకటే ఒకటి, ప్రతివారం ఆఖరి గడి, అంటే పేజీలో చివరి బొమ్మ.

"కత్తి ఎత్తిన చోట ఆపాలమ్మా హైమమ్మా. దిగిన చోట ఆపితే వచ్చేవారం మన మొహం చూసేదెవరు?" అనేవాడు పురుషోత్తం.

హైమవతి అలాగే ఆపేది. ఇరవై ఏళ్ళుగా బొమ్మలు ఆమెవి, మాటల బుడగల్లో అక్షరాలు సాంబమూర్తివి. ఇంట్లో ఒకే బల్లకి రెండువైపులా కూర్చునేవాళ్ళు. ఆమె గీసిన పేజీ ఆరకముందే ఆయన లాక్కుని పాళీతో రాసేవాడు. బుడగ చిన్నదైందని ఆయన సణుగుడు, మాటలు ఎక్కువయ్యాయని ఆమె సణుగుడు. మధ్యలో ఎవరి టీ ఎవరు తాగేశారో తెలిసేది కాదు. సుఖంగానే ఉన్నారు.

షహనాజ్ మొదటిసారి ఆ పట్టీ పట్టుకుని ఆఫీసుకి వచ్చినప్పుడు అందరికంటే ముందు కణతలకి చుట్టుకున్నది పురుషోత్తమే. ఆమె రెండే గళ్ళున్న పిల్లల బొమ్మ ఒకటి స్కానర్ కింద పెట్టింది. ఒక గడిలో కొమ్మకి వేలాడే మామిడిపండు. రెండో గడిలో చేతిలో టెంక, గడ్డం మీద రసం. కళ్ళు మూసుకుని కూర్చున్న పురుషోత్తం చప్పరించుకుంటూ లేచాడు.

"ఏం తీపమ్మా! నూజివీడు రసమే. పీచు కూడా పళ్ళ సందున తగిలింది," అన్నాడు.

"మీరు పండు తినే బొమ్మ ఇందులో ఎక్కడుందో చూపించండి," అంది షహనాజ్.

పురుషోత్తం కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. లేదు.

"నేను పంపింది రెండు బొమ్మలే. మధ్యనున్న సందులో పండు తిన్నది మీ మెదడు. పుస్తకం చదివేటప్పుడు కూడా మనం చేసే పని ఇదే. ఈ పట్టీ ఉంటే మెదడుతో పాటు ఒళ్ళు కూడా నమ్ముతుంది. అందుకే ఒక్క మాట. పరీక్షకి మీరిచ్చే కథ ముగిసి తీరాలి. ఆఖరి గడి తర్వాత ఖాళీ మిగిలితే ఏమవుతుందో నేనింకా చూడలేదు."

సరేనని తలూపారు అందరూ. ఆమె మెట్లు దిగగానే పురుషోత్తం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పూర్తి కథ ఇస్తే పరీక్షలో ఏం తెలుస్తుంది, తరువాయి కావాలని చదివినవాడు ఎగబడతాడో లేదో అదీ అసలు పరీక్ష, అన్నాడు. సాంబమూర్తి ఒక్కడే "డాక్టరమ్మ పూర్తి కథ అడిగింది కదండీ" అని గొణిగాడు. హైమవతి ఆ గొణుగుడు విననట్టు నటించింది. ఎందుకంటే ఆఖరి గడి అప్పటికే ఆమె బుర్రలో తయారైపోయింది. రుద్రసేనుడనే సేనాని కోటగోడ మీద మోకాళ్ళ మీద పడి ఉంటాడు. నల్లముసుగు శత్రువు రెండు చేతులా కత్తి ఎత్తుతాడు. రుద్రసేనుడు మెడకి అడ్డంగా కుడిచెయ్యి లేపుతాడు. అంత మంచి గడి తను గీసి చాలాకాలమైందని ఆమెకి తెలుసు, గర్వంగానే ఉంది.

పేజీలు సిద్ధమయ్యాక పట్టీ ఎవరు పెట్టుకోవాలన్న చర్చే రాలేదు. తొలి ప్రూఫు చదివేది అక్షరాలు రాసినవాడే. అది మెరుపుదాడి ఆనవాయితీ.

అలా సాంబమూర్తి రుద్రసేనుడైపోయాడు. ఎత్తిన కత్తి ఇప్పుడు ఆయన మెడ మీద దిగుతోంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ దిగుతోంది. ముగింపు ఇమ్మని మెదడు అడుగుతోంది. ఇచ్చేవాళ్ళు లేక, ఉన్న ఒక్క సందునే తిరగేసి మరగేసి నింపుకుంటోంది.

"నువ్వు గీసెయ్ హైమమ్మా, ఎంతసేపు నీకు! మనం మామూలుగా తప్పించినట్టే తప్పించేద్దాం," అన్నాడు పురుషోత్తం.

హైమవతి తన సంచిలోంచి బొమ్మల సరంజామా తీసి ప్రయోగశాల బల్ల మీద కాగితం పరిచింది. ఒక్క గడి. ఎక్కణ్ణించో వచ్చిన బాణం శత్రువు ఛాతీలో దిగింది. కత్తి పక్కకి పడిపోయింది. రుద్రసేనుడు లేచి నిలబడి నవ్వుతున్నాడు. ఇలాంటివి ఆమె నిద్రలో కూడా గీయగలదు. సిరా ఆరకముందే షహనాజ్ దాన్ని స్కానర్ కింద పెట్టి, పట్టీ మళ్ళీ చుట్టింది.

సాంబమూర్తి కదలిక ఆగింది. హైమవతి ఊపిరి పీల్చుకుంది.

అప్పుడాయన నవ్వాడు. కళ్ళు మూసుకునే, పళ్ళు బిగించి, గొంతు లోపల్నుంచి గరగరమంటూ నవ్వాడు. "బాణమా?" అన్నాడు. "మళ్ళీ బాణమేనా?"

పురుషోత్తం ఆశగా మంచం మీదికి వంగాడు. "మూర్తీ, అయిపోయిందయ్యా కథ. నువ్వు గెలిచావు, లే," అన్నాడు.

సాంబమూర్తి రెండు చేతులూ లేచి ఆయన గొంతు పట్టుకున్నాయి. ఎన్నడూ ఈగనైనా తోలని మనిషి, ఇప్పుడు కోటగోడ మీద ప్రాణం కోసం పోరాడే సేనాని. పురుషోత్తం మొహాన్ని మంచం ఇనపకమ్మీకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. పన్ను ఊడి నేలమీద దొర్లింది. షహనాజ్, హైమవతి చెరో చెయ్యి పట్టుకుని వేలాడితే గానీ పట్టు వదల్లేదు. పురుషోత్తం నెత్తురు ఉమ్ముకుంటూ గోడకి జారిపోయాడు. సాంబమూర్తి వెనక్కి పడగానే మెడ మీద గీతలు ఇంతకుముందుకంటే తొందర తొందరగా తేలడం మొదలైంది.

"నమ్మలేదు. ఎందుకు నమ్మలేదు?" అంది షహనాజ్.

"ఎలా నమ్ముతారు?" అంది హైమవతి. ఆమెకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. "ఇరవై ఏళ్ళుగా ఆ బాణాల పక్కన 'ఆహా! తప్పించుకున్నాను!' అని రాసింది ఆయనేగా. మేం ఊరంతటికీ అమ్మిన అబద్ధాలన్నీ ఆయన చేతిమీదుగానే పోయాయి."

పురుషోత్తం చేతిరుమాలు నోట్లో కుక్కుకునే చెప్పాడు. "పొట్టిదైపోయింది. అందుకే నమ్మలా. సాగదియ్యాలమ్మా. కత్తికి కత్తి అడ్డం పెట్టు. నాలుగు దెబ్బలు తగలనీ, చెమటలు పట్టనీ. కష్టపడి గెలిస్తే నమ్ముతాడు."

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది హైమవతికి. వృత్తి తెలిసినవాడి మాట కదా. రెండు పేజీలు, పన్నెండు గళ్ళు. చెయ్యి ఎంత వేగంగా ఆడిందంటే పాళీ మొన కాగితాన్ని చీల్చింది. రుద్రసేనుడు దొర్లుతాడు, రాయి విసురుతాడు, పడిన కత్తి అందుకుంటాడు. మొదటి గడి లోపలికి వెళ్ళింది. రెండోది వెళ్ళింది.

రెండింటికీ మధ్య సాంబమూర్తి భుజం పగిలింది.

చొక్కా కింద చర్మం చిట్లిన చప్పుడు ఆమెకి వినిపించింది. మూడో గడికి ముందు పక్కటెముక ఒకటి విరిగింది. నాలుగో గడికి ముందు ఆయన అరిచిన అరుపు మనిషి అరుపులా లేదు. కంప్యూటరు తెర మీద గుండె గీత పిచ్చిపట్టినట్టు ఎగిరింది. హైమవతి కాగితాన్ని స్కానర్ నుంచి పీకి ఉండచుట్టి నేలకేసి కొట్టింది.

"సందులు!" అంది. "నేను గళ్ళు గీస్తున్నానా, సందులు గీస్తున్నానా! కత్తి ఉన్నది బొమ్మలో కాదు డాక్టరుగారూ, సందులో. ఎన్ని గళ్ళు పెంచితే ఆయనకి అన్ని దెబ్బలు."

"ఒక్క గడైతే నమ్మరు, ఎక్కువైతే గుండె ఆగుతుంది," అంది షహనాజ్. ఆమె కూడా ఇప్పుడు ఏడుస్తోంది. "నేనొక్కటే చెప్పగలను మేడమ్. ఇంకొక్క సందు తట్టుకుంటారు. రెండోది తట్టుకోరు."

హైమవతి భర్త పక్కన కూర్చుంది. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఆయన మొహం ఒక క్షణం మామూలుగా అవుతోంది. ఇంట్లో బల్లకి అవతల కూర్చుని బుడగలో మాట ఇమడక చూసే చూపులాంటిదే అది. అబద్ధం ఇమడట్లేదు ఆయనలో. ఎత్తిన కత్తి దిగాలి. దిగితే తప్ప ఈ మనిషి కథ అయిందని ఒప్పుకోడు.

ఆమె ఆఖరి గడిని మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కత్తి ఎటు నుంచి వస్తుందో, ఎంత బలంతో వస్తుందో తనే గీసింది. పక్కకి తప్పుకోవడానికి చోటు లేకుండా గోడ కట్టింది తనే. ఆ కత్తి దారిలో ఉన్నవి రెండే. ఒకటి మెడ. దానికి ముందు, అడ్డంగా లేచిన కుడిచెయ్యి. మొదటి స్కెచ్‌లో ఎడమచెయ్యే గీసింది. అయితే మొహం సగం కప్పేస్తోందని చెరిపి కుడిచెయ్యి పెట్టింది. కేవలం అందం కోసం.

"బొమ్మలో ఎక్కడ తెగితే ఆయనకి అక్కడే..." అంది, అడగలేక.

"అవును," అంది షహనాజ్. "చెయ్యి ఊడిపోదు. కానీ తెగిందని మెదడు ఒక్కసారి నమ్మితే, ఇక ఆ చేతిని తనదనుకోదు. మళ్ళీ రాకపోవచ్చు."

"హైమమ్మా, ఆ చెయ్యి..." అన్నాడు పురుషోత్తం. అక్షరాలు రాసే చెయ్యి అది. మెరుపుదాడి పేరు మొదట రాసింది ఆ చెయ్యే.

"మెడ గీయమంటారా?" అని అరిచింది హైమవతి.

ఆమె పెద్ద గడి ఒకటి గీసింది. పేజీ మొత్తం అదే. పాళీ వదిలేసి కుంచె పట్టుకుంది. రుద్రసేనుడు మోకాళ్ళ మీదే ఉన్నాడు. కత్తి మణికట్టులోంచి దూసుకుపోయి, మెడకి వెంట్రుకవాసి దూరంలో కోటరాయికి తగిలి ముక్కలైంది. తెగిన చెయ్యి రాతి మీద వేళ్ళు ముడుచుకుని పడి ఉంది. నెత్తురు ఎక్కడా దాచలేదు. ఎముక కనబడాల్సిన చోట ఎముక గీసింది. గీస్తూ ఏడ్చింది. కన్నీళ్ళు పడ్డచోట సిరా పాకితే దాన్ని కూడా నెత్తురు చేసేసింది. విరిగిన కత్తితో శత్రువు ఏం చెయ్యాలి? ఇంకో గడికి చోటు లేదు. అందుకని వాణ్ణి ఈ గడిలోనే చంపింది. ఎగిరిన కత్తిముక్క వాడి గొంతులోనే దిగింది. బాణం రాలేదు, దేవుడు రాలేదు. వాడి దెబ్బ బలమే వాణ్ణి చంపింది.

అడుగున ఒక్క మాట రాయాలి. ఇరవై ఏళ్ళలో ఆమె ఎన్నడూ అక్షరం రాయలేదు, అది ఆయన పని. వంకరటింకరగా, ఆయన రాసే గుండ్రటి అక్షరాల్లా లేకుండా 'సమాప్తం' అని రాసింది.

"మీరే పెట్టండి," అంది షహనాజ్‌తో. మళ్ళీ వెంటనే, "వద్దు, నేనే పెడతా," అంది.

కాగితాన్ని స్కానర్ కింద తనే పెట్టింది. మీట తనే నొక్కింది.

సాంబమూర్తి కుడిచెయ్యి మెడకి అడ్డంగా లేచింది. మణికట్టు చుట్టూ కడియంలా ఎర్రటి వలయం తేలి, ఒక్కసారిగా చిట్లింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఆయన అరిచాడు. ఆ అరుపు గది దాటి, ప్రహరీ దాటి రోడ్డు మీది ఆటోవాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. హైమవతి చెవులు మూసుకోలేదు. గీసింది తనే కదా, వినాలి అనుకుంది. చెయ్యి మంచం అంచు మీంచి జారి వేలాడింది.

ఆ తర్వాత ఇంకో దెబ్బ పడలేదు. మెడ మీద ఇంకో గీత తేలలేదు. గుండె గీత ఎగిరి ఎగిరి, మెల్లగా తన దారిన పడింది. షహనాజ్ నేలమీదే చతికిలబడి, మొహం మోకాళ్ళలో దాచుకుంది.

పక్కటెముక అతికి, భుజం కుట్లు మాని ఆయన ఇంటికొచ్చేసరికి వానలు మొదలయ్యాయి. మణికట్టు ఎముక కూడా అతుక్కుంది. చెయ్యి చూడ్డానికి నిక్షేపంగా ఉంది, వెచ్చగా ఉంది. సూది గుచ్చితే మాత్రం ఆయనకి తెలియదు. నిద్రలో అది ఒంటి కింద పడితే, పక్కలో ఎవరిదో చెయ్యి ఉందని ఉలిక్కిపడి లేస్తాడు. షహనాజ్ పట్టీని తన చేత్తోనే కత్తిరించి పారేశానని ఫోన్ చేసి చెప్పింది.

పురుషోత్తం మాత్రం వచ్చాడు. కొత్త కట్టుడుపన్ను, చేతిలో యాపిల్ పళ్ళు. పది నిమిషాలు పరామర్శించి అసలు విషయంలోకి దిగాడు.

"ఆ డాక్టరమ్మ కాకపోతే ఇంకొకరు చేస్తారమ్మా అలాంటి పట్టీ. ఇప్పుడు మనకి కిటుకు తెలిసింది కదా. సీరియల్ వద్దు. ఒక్క సందు, ఒక్క పెద్ద గడి, నిజమైన ముగింపు. జనం విరగబడతారు."

"సరే సార్," అంది హైమవతి, కుంచె కడుగుతూ. "తొలి ప్రూఫు మీరు చదవండి. ఎక్కడ నరకమంటారో చెప్పండి, అక్కడే గీస్తాను."

ఆయన నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు. యాపిల్ పళ్ళు బల్ల మీద పెట్టి, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే మెట్లు దిగిపోయాడు.

మధ్యాహ్నం హైమవతి పప్పన్నంలో నెయ్యి వేసి కలిపింది. ముద్ద చేసి భర్త నోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన తల చటుక్కున వెనక్కి పోయింది. ఎడమచెయ్యి ఆయనకి తెలియకుండానే లేచి మెడకి అడ్డం వచ్చింది. ముద్ద చాప మీద పడింది.

ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఆ చెయ్యి నరికింది నేనేనని ఎలా తెలిసిందండీ?" అని అడిగింది.

"ఇరవై ఏళ్ళు నీ గీత పక్కన రాశాను హైమా. ఆ కత్తి నల్లముసుగువాడిది కాదు. నీ కుంచె దెబ్బ నాకు తెలీదా?" ముద్ద మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నువ్వు నరక్కపోతే చచ్చేవాణ్ణనీ తెలుసు. నాకు తెలుసు. ఈ ఒంటికే తెలియట్లేదు."

ఆమెకి ఆయన్ని పట్టుకుని ఏడవాలనిపించింది. కానీ పట్టుకుంటే ఆయన మళ్ళీ బెదురుతాడు. పడిన ముద్ద తీసి పక్కన పెట్టి, కంచం ఆయన ఎడమచేతి వైపుకి జరిపింది. లేచి, తన చెయ్యి ఆయనకి అందనంత దూరం వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఎడమచేత్తో తినడం ఆయనకి సిగ్గని ఆమెకి తెలుసు.

కాసేపటికి వెనక కంచం చప్పుడు వినిపించింది. వినిపించినంతసేపూ ఆమె తిరగలేదు.